కత్తెరక్క మొదటి ఓటు

“వాడెవడండీ మనల్ని అడగడానికి? గేటు దగ్గర కూర్చుని కాగితాలు తీసుకునే గుమాస్తా. ముద్ర కొట్టడం వాడి పని. కొట్టి పంపించాలి, అంతే.”

“కొట్టాడు కదా మాస్టారూ.”

“కొట్టి ఊరుకున్నాడా? ‘దేశంలో ఎన్నికలు సకాలంలో పెట్టమని రాశారు, బాగానే ఉంది, మరి మీ సంఘంలో ఎప్పుడు పెట్టారు?’ అన్నాడు. అందరి ముందూ. పైగా నవ్వుతూ.”

“అడిగాడు, సరే. సమాధానం చెప్పి రావాల్సింది.”

“ఏం చెప్పి రమ్మంటావు నర్సమ్మా?”

“నేనూ అదే అడుగుతున్నాను. ఏం చెప్పాలి?”

దుకాణం వెనకగదిలో మాటలు ఆగిపోయాయి. తెరకు ఇవతల ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తున్న కత్తెరక్క కాలు కూడా మిషను మీద ఆగిపోయింది. మిషను చప్పుడు ఆగితే తను వింటున్నట్టు లోపలివాళ్లకు తెలిసిపోతుందని వెంటనే గుర్తొచ్చి, పనికిరాని గుడ్డముక్క ఒకటి సూది కింద దూర్చి ఊరికే కుట్టుకుంటూ పోయింది. చెవులు మాత్రం తెర అవతలే ఉన్నాయి.

సొంత దేశం వదిలి ఈ ఊరికి వచ్చిపడ్డవాళ్లందరికీ ఒక సంఘం ఉంది. దానికి ఆఫీసంటూ లేదు. కత్తెరక్క దుకాణం వెనకగదే ఆఫీసు. అక్కడ దేశంలో ఎన్నికలు జరగాల్సిన ఏడు ఎప్పుడో దాటిపోయింది. ప్రభుత్వం ఇదిగో అదిగో అంటూ నెట్టుకొస్తోంది. అందుకని సంఘంవాళ్లు నెలకోసారి బ్యానరు పట్టుకుని తమ దేశపు రాయబార కార్యాలయం గేటు ముందు నిలబడి, ఎన్నికలు సకాలంలో, సక్రమంగా జరపాలని విజ్ఞప్తి ఇచ్చి వస్తారు. నిన్న ఇచ్చినప్పుడే ఆ గుమాస్తా ఆ మాట అడిగాడు.

వెనకగదిలో ఉన్నది ముగ్గురు. గుమాస్తా మీద మండిపడుతున్నది కార్యదర్శి మాస్టారు. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. ఇక్కడ ఒక పెద్ద షాపు కింది అంతస్తులో ఎవరి కారు ఎక్కడ పెట్టాలో చెబుతాడు. చెప్పడం మాత్రం మానలేదు. ఆయనకు ఎదురు తగులుతున్నది ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. సూది గుచ్చేముందు నొప్పి ఉండదని ఎవరికీ అబద్ధం చెప్పని మనిషి. మూడో ఆయన ఇంతదాకా నోరు విప్పలేదు. ఆయన సంఘానికి అధ్యక్షుడు, కత్తెరక్కకు తోడబుట్టిన అన్న.

ఇప్పుడు విప్పాడు.

“ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు? పెట్టొద్దని నేనెప్పుడన్నా అన్నానా? పెడదాం. ముందు సభ్యుల జాబితా సరిచేయాలి. సగంమంది ఇళ్లు మారారు. అది తేలనివ్వండి.”

“పోయినేడు కూడా అదే అన్నారు,” అన్నది నర్సమ్మ.

“పోయినేడు హాలు దొరకలేదు. జాబితా సంగతి అంతకుముందు ఏడు.”

“ఈ ఏడు మళ్లీ జాబితా దగ్గరికి వచ్చామా?”

“నర్సమ్మా, ఇప్పుడు మనమంతా ఒక్కతాటి మీద ఉండాల్సిన సమయం. మనలో మనం చీలితే ఎవరికి లాభం?”

కత్తెరక్క ఆ గుడ్డముక్కను కూడా కుట్టలేకపోయింది. పొద్దున్న ఇస్త్రీ చేస్తూ రేడియోలో దేశం వార్తలు వింది. అక్కడి మంత్రిగారు ఓటర్ల జాబితా సవరణ పూర్తి కాలేదన్నారు. వానలన్నారు. ప్రజలంతా ఒక్కతాటి మీద ఉండాల్సిన సమయమన్నారు. మంత్రి అన్నయ్య దగ్గర నేర్చుకున్నాడో, అన్నయ్య మంత్రి దగ్గర నేర్చుకున్నాడో గాని పాఠం మాత్రం ఒక్కటే.

పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులన్నీ తీసి దిండుకు గుచ్చింది. ఆమె నోట్లో సూదులున్నంతసేపే ఎదుటివాళ్లు క్షేమమని ఊళ్లో అనుకుంటారు. కత్తెరక్క అనే పేరు చేతిలో కత్తెర చూసి పెట్టింది కాదు. తెర పక్కకు జరిపి గుమ్మంలో నిలబడింది.

“నర్సమ్మ అడిగినదానికి సమాధానం రాలేదు అన్నయ్యా.”

అన్న ఆమె వంక చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమెకు ఇంకో నాలుగు మాటలు వచ్చి ఉండేవి. దెబ్బ తగిలినట్టు చూశాడు.

“నువ్వు కూడానా,” అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బల్ల మీద ఆయన టీ గుక్కెడు కూడా తగ్గకుండా అలాగే ఉంది.

ఆ అన్న ఎలాంటివాడో చెప్పకపోతే కత్తెరక్క సంగతి అర్థం కాదు. ఈ ఊరికి మొదట వచ్చినవాళ్లలో ఆయన ఒకడు. సిటీ బస్సు నడుపుతాడు. చెల్లెల్ని ఇక్కడికి తెచ్చుకున్న కొత్తలో ఇద్దరికీ కలిపి ఒకే గది. మంచం ఆమెకిచ్చి ఆయన నేల మీద పడుకునేవాడు. నడుము పట్టేసిందని డాక్టరు దగ్గరికి వెళ్లి, నేల మీద పడుకుంటున్న సంగతి డాక్టరుకు కూడా చెప్పలేదు. ఆమె యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరి ఏళ్ల తరబడి చొక్కాలకు ఎడమ చేతులే కుట్టింది. కుడి చేతులు వేరేవాళ్లు కుట్టేవాళ్లు. “నేను ఇంతవరకు పూర్తి చొక్కా చూడలేదు అన్నయ్యా” అని ఒకసారి నవ్వుతూ అంటే, ఆయన నవ్వలేదు. ఆ మాట మనసులో పెట్టుకుని ఊరంతా తిరిగి ఈ దుకాణం వెతికాడు. హామీ సంతకం చేశాడు. అద్దం మీద కత్తెర బొమ్మ కూడా ఆయనే వేశాడు. అది కత్తెరలా కంటే కుందేలులా ఉంటుంది. ఇన్నేళ్లయినా ఆమె దాన్ని చెరపనివ్వలేదు.

సంఘం కూడా ఆయన పెట్టిందే. కొత్తగా వచ్చినవాడికి గది చూడాలన్నా, పోయినవాడి శరీరం దేశానికి పంపాలన్నా ఆయన ఫోనే మోగుతుంది. మొదట్లో ఒకసారి పార్కులో పదిమంది గడ్డి మీద కూర్చుని చేతులెత్తి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. ఎత్తిన చేతులు దింపారు, అంతే, మళ్లీ ఎత్తాల్సిన పని పడలేదు. ఆయన సీటు పట్టుకుని వేలాడే రకం కాదు. గట్టిగా అడిగినవాళ్లు లేరు, ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది, ఏళ్లు గడిచాయి. మంచివాడు కాబట్టే గట్టిగా అడగడం కష్టమైంది. చెడ్డవాడైతే ఎప్పుడో నిలదీసి ఉండేవాళ్లు.

ఇక ఆమె సంగతి. కత్తెరక్క యాభై దాటింది, ఇంతవరకు ఒక్క ఓటు వేయలేదు. ఓటు వచ్చిన ఏడు తల్లితో కలిసి పొద్దున్నే వెళ్లి బడి ముందు వరసలో నిలబడింది. ఎండ నెత్తికెక్కాక ఒక అధికారి వచ్చి ఎన్నికలు వాయిదా పడ్డాయి, ఇళ్లకు వెళ్లండి అన్నాడు. తల్లి కొంగు నెత్తిన వేసుకుని ఇంటిదాకా నడిచింది. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ “వచ్చేసారి పెందలాడే వెళ్దాం” అన్నది, ఆలస్యంగా వెళ్లడం తమ తప్పయినట్టు. ఆ వచ్చేసారి రాకముందే కత్తెరక్క ఇక్కడికి వచ్చేసింది. ఇక్కడ పరాయిదేశపు మనిషి కాబట్టి ఓటు లేదు. వేళ్ల నిండా సూది పోట్లే గాని ఎన్నడూ సిరా చుక్క పడలేదు. బ్యానరు మీద అక్షరాలు గుడ్డతో కత్తిరించి కుట్టేది ఆమే. దాని మీద సంవత్సరం మారిపోతుంటుంది కాబట్టి ఆ అంకె మాత్రం వదులుగా కుడుతుంది, విప్పడానికి వీలుగా. అలా ఎన్నిసార్లు విప్పిందో.

గుమాస్తా ప్రశ్న ఆమెకు అందుకే గుచ్చుకుంది. మనం అడుగుతున్నది మనమే ఇవ్వడం లేదు. అడగాలంటే అన్నను అడగాలి. అడిగితే అన్న ఏమవుతాడో తెలియదు. తెలియకపోవడం ఒక్కటే ఆమెకు భయం.

రోజూ పొద్దున్నే దుకాణానికి టీకి వచ్చే అన్న ఆ వారం రాలేదు. ఫోన్ చేస్తే వదిన ఎత్తి “స్నానం చేస్తున్నారు” అనేది. మూడోసారి కూడా స్నానమే అనేసరికి కత్తెరక్క “ఇంత శుభ్రమైన మనిషిని నేనెక్కడా చూడలేదు వదినా” అని పెట్టేసి, దుకాణానికి తాళం వేసి, నేరుగా వెళ్లి అన్న బస్సు ఎక్కింది. బస్సులో అయితే ఆయన లేచి వెళ్లిపోవడానికి లేదు.

డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుంది. ఎదురుగా బోర్డు ఉంది, బస్సు కదులుతుండగా డ్రైవరుతో మాట్లాడరాదని. ఆయన అద్దంలో చూసి “ఎక్కడికి?” అన్నాడు.

“చివరి స్టాపుకి.”

“అక్కడ డిపో తప్ప ఏమీ లేదు.”

“నువ్వుంటావుగా.”

బస్సు కదిలింది. ఆయన బోర్డు వైపు వేలు చూపించాడు.

“నీతో మాట్లాడకూడదని ఉంది గాని నువ్వు వినకూడదని లేదు,” అన్నది కత్తెరక్క. “నిన్ను ఎవరూ తప్పు పట్టడం లేదు అన్నయ్యా. నీ బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే మైకులో అందరినీ క్షమించమని అడుగుతావు. వాళ్లెవరో కూడా నీకు తెలియదు. సంఘంలో వాళ్లంతా నీ మనుషులు. ఇన్నేళ్లు ఆలస్యమైంది, ఒక్కసారి మైకు తీయలేవా?”

అన్న చెవులు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం స్టీరింగు మీద కదల్లేదు. ఎర్రలైటు పడింది. దాని కోసమే కాచుకున్నట్టు వెనక్కి తిరిగాడు.

“నేను దిగిపోతే ఎవరు చూస్తారే? రేపు ఎవరన్నా పోతే శవపేటిక కాగితాలకు ఎవరికి ఫోన్ చేస్తారు? మాస్టారికా? ఆయన ముందు ఉపన్యాసం ఇస్తాడు.”

పచ్చలైటు పడింది. ఆయన ముందుకు తిరగాల్సి వచ్చింది.

“నీకే చేస్తారు. అధ్యక్షుడివని ఎవరూ చేయడం లేదు. నువ్వని చేస్తున్నారు. నీకది తెలియకపోతే నీకంటే అమాయకుడు లేడు.”

తర్వాతి స్టాపులో చేతిసంచులతో ఒక ముసలామె ఎక్కింది. ఆమెకు వీళ్ల భాష రాదు. ఇద్దరి మొహాలూ చూసి, ఈ ఊరి భాషలో “అన్నాచెల్లెళ్లా?” అని అడిగి, ఎవరూ చెప్పకపోయినా తలూపుకుంటూ వెనక్కి వెళ్లి కూర్చుంది. అన్న తలుపు మూస్తూ గొంతు తగ్గించాడు.

“నేను తెచ్చాను నిన్ను ఈ దేశానికి.”

ఆయన ఎన్నడూ అనని మాట అది. అనేసినందుకు ఆయన మొహమే మాడిపోయింది.

“తెచ్చావు,” అన్నది. “ఎందుకు తెచ్చావు? అక్కడ అడిగితే నోరు మూయిస్తారని తెచ్చావు. ఇక్కడ అడుగుతున్నాను.”

డిపో వచ్చింది. ఆయన ఇంజను ఆపి, అద్దంలోకి చూస్తూ టోపీ సర్దుకుని, “సరే, పెట్టండి,” అన్నాడు. “నాకెదురు ఎవరు నిలబడతారో నేనూ చూస్తాను.”

అది పంతం కాదు. నిజంగానే ఎవరూ నిలబడరని ఆయన నమ్మకం. ఇంకో బస్సు గంటదాకా లేదు కాబట్టి కత్తెరక్క మళ్లీ అదే బస్సులో తిరిగొచ్చింది. ఆమె దిగే స్టాపు రాగానే ఆయన మైకులో స్టాపు పేరు మామూలుకంటే గట్టిగా చెప్పాడు.

ఆయన నమ్మకం వమ్ము కాలేదు. ఎన్నికలంటే అందరికీ హుషారే, నిలబడమంటే అందరికీ పనులే. నర్సమ్మ తన డ్యూటీలు ఏ పూట పడతాయో తనకే తెలియదన్నది. మాస్టారు “నేను పుట్టుకతోనే కార్యదర్శిని” అని తప్పుకున్నాడు. ఒక్కడే నిలబడే ఎన్నిక అక్కడ దేశంలో రెండుసార్లు చూశారు, ఆ ముచ్చట ఇక్కడ కూడానా అని నర్సమ్మ అంటే దుకాణంలో చేరిన అందరి చూపులూ తిరిగి తిరిగి కుట్టు మిషను దగ్గర ఆగాయి.

“నా వైపు చూడకండి,” అన్నది కత్తెరక్క.

“అడిగింది నువ్వే కదక్కా,” అన్నది నర్సమ్మ.

ఆమె సూదులు నోట్లో పెట్టేసుకుంది. అయినా వాళ్లు కదల్లేదు. చివరికి సూదులు తీసి “రాసుకోండి” అన్నది.

సాయంత్రానికల్లా వదిన ఊడిపడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఇంట్లో చెప్పుకుంటే పోయేదానికి ఊరందరినీ కూర్చోబెడుతున్నావు. ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు, తెలుసా?”

“నేనూ తినడం లేదు వదినా.”

“మరెందుకే ఈ గోల?”

“తినడం కోసమే అయితే మనం అక్కడే ఉండిపోయేవాళ్లం.”

వదిన దండెం మీద వేలాడుతున్న కోటుకు దారప్పోగు ఉంటే విసురుగా లాగేసి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడమీద హాల్లో సర్వసభ్య సమావేశం. కుర్చీలు చాలక పిల్లల కోసం వేసిన పొట్టి స్టూళ్ల మీద పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నారు. ఓటు కాగితాల మీద వద్దనుకున్నారు. పెద్దవాళ్లలో కొందరికి చదువు రాదు. రాయడం వచ్చినవాళ్ల చేతిరాత మిగతావాళ్లందరికీ తెలుసు. అందుకని కత్తెరక్క దుకాణంలోంచి గుండీలు తెచ్చారు. అన్నకు ఇత్తడి గుండీ, ఆయన యూనిఫారం కోటుకు ఉండేలాంటిది. చెల్లెలికి చొక్కాకు కుట్టే చిన్న ప్లాస్టిక్ గుండీ. పుస్తకాల బీరువా చాటున రెండు గిన్నెల్లో రెండు రకాలూ పెట్టారు. పక్కనే మూతకు కన్నం కోసిన బిస్కెట్ల డబ్బా. ఎవరికి వేయాలో ఆ గుండీ తీసి డబ్బాలో వేసి రావడమే. ఈ ఉపాయం మాస్టారిది. ముందుగా పావుగంట దాని గొప్పతనం చెప్పాడు.

మొదటి ఓటు వేయడానికి ఒక పెద్దాయన బీరువా చాటుకు వెళ్లాడు. డబ్బాలో హాలంతా వినబడేట్టు ఖంగుమని మోగింది. ఆయన నవ్వుకుంటూ బయటికొచ్చి అధ్యక్షుడికి తల వంచి వెళ్లి కూర్చున్నాడు. తర్వాత ఒకావిడ. మళ్లీ ఖంగుమన్నది. మూడోసారి హోటల్లో వంట చేసే అతను వెళ్లాడు. ఈసారి డబ్బాలో సన్నగా టిక్కుమని మాత్రమే వినబడింది.

హాల్లో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. వంటాయన బయటికి వచ్చేసరికి అందరూ తననే చూస్తున్నారు. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు. పోయినేడు అతని కొడుకు ఆసుపత్రిలో ఉంటే డ్యూటీ మానేసి పక్కన కూర్చున్నది అధ్యక్షుడే. వంటాయన తల దించుకుని నడిచి గోడవారగా నిలబడిపోయాడు.

ఆ తర్వాత వరసగా ఖంగు, ఖంగు, ఖంగు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే ఇత్తడి గుండీ మోగించి వస్తున్నారు. కొందరైతే బాగా మోగాలని పైనుంచి జారవిడుస్తున్నారు.

కత్తెరక్క ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. జరుగుతున్నది ఏమిటో తెలుస్తూనే ఉంది. లేచి ఆపమంటే ఓడిపోతోంది కాబట్టి అంటోందంటారు. ఆపకపోతే ఇది కూడా అక్కడి ఎన్నికే. ఈ వయసుకు ఒక ఓటు చేతిదాకా వచ్చింది, అది ఇలాంటిదయింది. నర్సమ్మ వైపు చూస్తే నర్సమ్మ గోళ్లు కొరుకుతోంది.

అప్పుడు అన్న లేచాడు.

“ఆపండి.”

“ఏమైంది అధ్యక్షా?” అన్నాడు మాస్టారు. “బ్రహ్మాండంగా సాగుతోంది కదా.”

“అదే. మరీ సాగుతోంది. ప్రతి గుండీ నాకు వినబడుతోంది మాస్టారూ. నాకు వినబడితే అది ఓటు కాదు.” ఆయన గోడవార నిలబడ్డ వంటాయన దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వొక్కడివే బాబూ సరిగ్గా వేసింది. కూర్చో.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, పాపం ఏ దురుద్దేశమూ లేకుండానే, “అయితే మరి ఇవాల్టికి వాయిదా వేద్దామా?” అన్నాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు స్టూళ్ల మీదుగా పాకి హాలు హాలంతా విరగబడి నవ్వింది. మాస్టారు కూడా, తన నోట్లోంచి వచ్చిందేమిటో తెలిశాక, ఒక చేత్తో కళ్లజోడు, ఇంకో చేత్తో పొట్ట పట్టుకున్నాడు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది అన్న. కళ్లు తుడుచుకుంటూ డబ్బాలో గుండీలన్నీ కుమ్మరించి, మెడలో ఉన్ని మఫ్లరు తీసి డబ్బా అడుగున కుక్కాడు.

“ఇప్పుడు మోగమనండి చూద్దాం. గుండీలు కూడా మార్చండి. అందరికీ ఒకే రకం.”

అందరికీ చొక్కా గుండీలే అని తేల్చారు. అన్నవాటికి నల్లదారం, చెల్లెలివాటికి తెల్లదారం. కత్తెరక్క సంచీలోంచి దారపుండలు తీసి నేల మీద కూర్చుని ముడులు వేయడం మొదలుపెట్టింది. ఎవరో వచ్చి ఎదురుగా చతికిలపడ్డారు. చూస్తే వదిన.

“నల్లదారం ఇటివ్వు,” అన్నది వదిన, మొహం చూడకుండా. “మా ఆయనవి నేను కడతాను. నువ్వు కడితే వదులుగా కడతావు.”

“కట్టు. గట్టిగానే కట్టు.”

వదిన పెదవి కొస కదిలింది. ముడులు మాత్రం గట్టిగానే వేసింది.

మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఈసారి డబ్బా నోరు విప్పలేదు. కత్తెరక్క వంతు వచ్చినప్పుడు బీరువా చాటున గిన్నెల ముందు చాలాసేపు నిలబడింది. ఎన్నో ఏళ్లుగా లక్షల గుండీలు పట్టుకున్న మనిషి, ఒక్క గుండీ తీసి మళ్లీ గిన్నెలో పెట్టింది. బయట మాస్టారు దగ్గాడు. ఆమె ఒకటి తీసి వేసింది. అన్నకు వేసిందా, తనకే వేసుకుందా అనేది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పమని అడిగితే “నువ్వు గుమాస్తావా?” అంటుంది. ఇక్కడ రాయడం కూడా న్యాయం కాదు.

లెక్క తేలేసరికి తెల్లదారం గుండీలు మూడు ఎక్కువ వచ్చాయి.

మొదట చప్పట్లు కొట్టింది అన్నే. గట్టిగానే కొట్టాడు. తర్వాత డబ్బాలోంచి మఫ్లరు తీసి దులిపి మెడకు చుట్టుకుని, “డ్యూటీ ఉంది,” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆదివారం ఆయనకు డ్యూటీ ఉండదని హాల్లో అందరికీ తెలుసు. అందరూ వచ్చి కత్తెరక్క చేతులు ఊపుతుంటే ఆమె చూపు మెట్ల మీదే ఉంది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. పొద్దున్నే టీ కాచేటప్పుడు అలవాటు కొద్దీ రెండు కప్పులకు నీళ్లు పోసి ఒకటి తనే తాగింది, లేకపోతే పారబోసింది. ఇంకో ఊళ్లో ఉన్న సంఘంవాళ్లు గుండీల సంగతి విని, తమ దగ్గరా ఎన్నికలు పెట్టి చాలాకాలమైంది, ఎలా చేశారో చెప్పమని ఫోన్ చేశారు. మాస్టారు వాళ్లకు గంటసేపు చెప్పాడు. ఆ గంటలో ఖంగు సంగతి ఉందో లేదోనని కత్తెరక్క ఫోన్ లాక్కుని “మోగనివ్వకండి, అదొక్కటే చూసుకోండి” అన్నది. రేడియోలో మంత్రిగారి గొంతు కొంచెం మారింది. తేదీ చెప్పలేదు గాని, తేదీ చెప్పే తేదీ త్వరలో చెబుతామన్నారు. నర్సమ్మ దాన్ని రోగి కన్ను తెరవడంతో పోల్చింది. లేచి నడవడం కాదు గాని, కన్నయితే తెరిచాడు.

నెల తిరిగి మళ్లీ రాయబార కార్యాలయం ముందు నిలబడ్డారు. ఎప్పటికంటే రెట్టింపు జనం. గుడ్డకుర్చీలు మోసుకొచ్చిన ముసలివాళ్లున్నారు, చంకలో పిల్లలతో వచ్చినవాళ్లున్నారు. వంటాయన బ్యానరు కర్ర ఒకటి పట్టుకున్నాడు. గుమాస్తా అడిగితే ఏం చెప్పాలో మాస్టారు వారం రోజులు అద్దం ముందు సాధన చేశాడు. తీరా చూస్తే ఆ గుమాస్తా సెలవులో ఉన్నాడు. ఇంకొకావిడ విజ్ఞప్తి తీసుకుని ముద్ర కొట్టి, “తర్వాతివాళ్లు రండి,” అన్నది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

కత్తెరక్క వెనక్కి తిరిగి చూసింది. అన్న వచ్చాడు. ఎప్పుడూ ముందు నడిచేవాడు, చిట్టచివరి వరసలో, ముసలాయన ఒకాయన పడిపోకుండా కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరితో పాటే నినాదాలిస్తున్నాడు. ఆ గొంతు వినగానే ఆమె కూడా గొంతు పెంచింది.

అందరూ సర్దుకుంటుంటే ఆయన రెండు కాగితపు కప్పుల్లో టీ పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడ మీద కూర్చున్నారు. ఎండ వెచ్చగా ఉంది. కాసేపు ఊదుకుంటూ తాగారు.

“నా మీద కోపమా?” అన్నది.

“లేదంటే అబద్ధం. ఉంది. తగ్గుతోంది.” ఆయన కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. “ఓడిపోయినందుకు కాదు చెల్లీ. ఆదివారాలు ఏం చేయాలో తోచడం లేదు. మీ వదిన నన్ను గదిలోంచి గదిలోకి తరుముతోంది.”

“ఫోన్లు రావడం లేదా?”

“అవి వస్తూనే ఉన్నాయి. నువ్వన్నది నిజమే. నిన్న కూడా ఒకడికి గది చూసిపెట్టాను.” ఆయన రాయబార కార్యాలయం గేటు వైపు చూశాడు. “గుమాస్తా అడిగినప్పుడు నాకు కోపం రాలేదు, తెలుసా. భయం వేసింది. నేనెప్పుడు అలా అయిపోయానా అని. నాకే తెలియలేదు.”

“ఎవరికీ తెలియదు అన్నయ్యా.” కత్తెరక్క టీ పక్కన పెట్టింది. “మొన్న ఏం జరిగిందో చెప్పనా? కొత్త కమిటీ కూర్చోవాలి. నాకు పెళ్లివాళ్ల బట్టలు చేతినిండా ఉన్నాయి. నర్సమ్మ ఎప్పుడు కూర్చుందాం అంటే, నేనేమన్నానో తెలుసా? ముందు జాబితా తేలనివ్వండి అన్నాను.”

అన్న నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు.

“నవ్వకు. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. నెల కూడా కాలేదు నేను కూర్చుని. నాకు కారణాలు దొరుకుతాయి అన్నయ్యా. నీకంటే మంచివి దొరుకుతాయి. నా నోటిముందు ఎవరూ నిలబడరు కూడా.” ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. “అందుకని ఒకటి అడుగుతాను, కాదనకు. వచ్చే ఏడాది నువ్వు నాకెదురు నిలబడు. చెల్లెలు కదా అని ఊరికే పేరుకు నిలబడొద్దు. గెలవడానికి నిలబడు.”